శిలీంధ్రముల ఆయుధములు

మీలో వరి పండించు కుటుంబములనుండి వచ్చినవారికి అగ్గితెగులు పేరు క్రొత్తది కాదు. రాత్రులు చల్లగానుండి, తెల్లవారుజామున మంచు దట్టముగా కురిసి, ప్రొద్దెక్కువరకు ఆకులు తడియారని దినములలో ఈ తెగులు చేలలో పొడసూపును. మొదట ఆకుపై సూదిమొనంత మచ్చ కనబడును. కొలది దినములలో అది నూలుకండెవలె రెండు కొనలును సన్నగిల్లి, నడుమ బూడిదరంగును, అంచున గోధుమరంగును దాల్చును. మచ్చలు ఒకదానితో నొకటి కలసిన పిదప చేను నిప్పుసెగ తగిలి కమిలినట్లుండును. వెన్ను మెడకు తెగులు సోకినచో గింజ పాలుపోసికొనక తాలుగా మారి, వెన్ను విరిగి వ్రాలును. దానిని మెడవిరుపు అందురు. చైనాదేశమున 1637లో వెలువడిన యొక గ్రంథమున ఈ వ్యాధిని వరికి వచ్చిన జ్వరమని పేర్కొనిరి. అచ్చటివారు జ్వరమనిరి, మనవారు అగ్గియనిరి. ఒకరినొకరు ఎరుగని రైతులకు ఇంచుమించు ఒకే పోలిక తోచినది!

ఈ తెగులు చేయు నష్టము సామాన్యమైనది కాదు. 1919లో నాటి మద్రాసు రాజధానిలోని తంజావూరు డెల్టాలో ఇది విజృంభించి పంటను పాడుచేసెను. 1986లో బాపట్లనుండి విడుదలయై తెలుగువారి విస్తళ్లలో స్థిరపడిన సాంబమసూరి రకము సైతము దీనికి సులభముగా లొంగును. యూరియా మితిమీరి చల్లిన చేనునకు ఈ తెగులు మరింత ఉధృతముగా వచ్చును. పొరుగువాని చేనికంటె తన చేను నల్లగా పచ్చబడవలెనని ఆశపడినవానికే ముందుగా దెబ్బ తగులుట చూచి, మా ఊరి పెద్దలు ముసిముసినవ్వులు నవ్వుకొనెడివారు.

అగ్గితెగులునకు కారణము ఒక శిలీంధ్రము. నిలవయున్న రొట్టెపై పట్టు బూజు, వర్షకాలమున పెంటకుప్పలపై మొలచు కుక్కగొడుగు, ఇవన్నియు శిలీంధ్రములే. ఈ వర్గమువారు విత్తనములకు మారుగా సిద్ధబీజములను వెదజల్లుదురు. వరి నాశ్రయించు శిలీంధ్రము యొక్క సిద్ధబీజము మూడు కణములు గలది. దాని పొడవు మీ తలవెంట్రుక మందముకంటెను తక్కువ. దానికి కోరలు లేవు, గోళ్లు లేవు, కాళ్లు చేతులు లేవు. అది గాలిలో కొట్టుకొనివచ్చి సాయంకాలము తడియాకుపై వ్రాలును. మరునాటికి అది ఆకులోపల నుండును! గాయము లేని ఆకులోనికి, తెరచిన వాకిలి వెదకికొనకుండ, అది ఎట్లు ప్రవేశించినది? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనికి సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా గడపిరి.

సమాధానమునకు పోవుటకు ముందు శిలీంధ్రము భోజనము చేయు రీతి తెలిసికొనవలెను. మొక్కలవలె అది సూర్యకాంతితో ఆహారమును తయారుచేసికొనలేదు. జంతువులవలె నోటితో మ్రింగలేదు. సన్నని దారములవంటి తంతువులతో ఆహారముపై ప్రాకి, వాని కొనలనుండి కొన్ని రసములను బయటికి విడుచును. ఆ రసములలోని ఎంజైములు ఆహారమును కరగించి చిన్నచిన్న అణువులుగా చేయును. అప్పుడు శిలీంధ్రము వానిని పీల్చుకొనును. మనము తిని జీర్ణించుకొందుము. శిలీంధ్రము జీర్ణించి పిమ్మట తినును.

ఎంజైములన్నవి జీవకణములలో తయారగు పదార్థములు. వీనిలో దాదాపు అన్నియు మాంసకృత్తులే. అవి రసాయనమార్పులను అతివేగముగా జరిపించి, తాము మాత్రము వ్యయము కాక నిలుచును. అన్నపు మెతుకులను చాలసేపు నమిలినచో నోరు తియ్యబడుట మీరెరుగుదురు. లాలాజలములోని ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే దీనికి కారణము. ముదురుమాంసము త్వరగా మెత్తబడుటకు పచ్చిబొప్పాయి ముక్కను కలుపు అలవాటు మన వంటయిండ్లలో కలదు. ఆ పాలలోని ఎంజైము మాంసమును మెత్తపరచును. ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క పని నియమింపబడియున్నది. పిండిని కోయునది మాంసమును కోయదు. మరియొక గుణము కూడ గుర్తుంచుకొనుడు. బాగుగా కాచినచో సామాన్యముగా ఎంజైముల శక్తి నశించును. ఈ చిన్న విషయమే మన కథలో ఒకచోట గొప్ప సాక్ష్యముగా నిలువనున్నది.

శిలీంధ్రములన్నియు దుష్టములని భావింపరాదు. అడవిలో రాలిన ఆకులను, పడిన మ్రాకులను మట్టిగా మార్చునవి ముఖ్యముగా ఇవియే. ఇవి లేనిచో ఎండుటాకుల గుట్టలు పేరుకొనిపోవును. చచ్చిన ఆకును కరగించు ఎంజైములకును, బ్రతికిన ఆకును కరగించు ఎంజైములకును పెక్కు పోలికలున్నవి. అట్లైనచో ఒకటి పాకీపని చేయుచుండగా మరియొకటి పంటను నాశనముచేయుట ఎందువలన? ఒక తెగులు తీక్ష్ణముగాను, మరియొకటి మందముగాను ఉండుట ఎందువలన? ఈ తీక్ష్ణతనే శాస్త్రజ్ఞులు ఉగ్రత యందురు. ఎంజైము ఉండుట వేరు, ఉగ్రతకు ఆ ఎంజైము కారణమగుట వేరు. దొంగయింట గునపము దొరకినంతమాత్రమున ఆ గునపముతోనే కన్నము వేసెనని తీర్పు చెప్పలేము గదా!

ఇక ఆకు యొక్క రక్షణను చూతము. పురాతనమైన కోటవలె దానికి ఒకదాని వెనుక నొకటిగా ఆవరణములు గలవు. పైన మైనపు పూత. తామరాకుపై నీరు నిలువకుండ చేయునది ఇట్టిదే. దాని దిగువ క్యూటిన్ అను గట్టి పదార్థముతో నేసిన పొర. ఈ పొరను అవభాసిని యందురు. దాని క్రింద కణముల గోడలు. గోడలలో సెల్యులోజు అను నారపోగులుండును. కణమునకు కణమునకు నడుమ పెక్టిన్ అను పదార్థము సున్నమువలె వానిని అంటించి యుంచును. ఈ పెక్టిన్ కరగిపోయినచో కణములు విడివిడిగా జారిపోవును. క్రుళ్లిన టమాటాను వ్రేలితో తాకినపుడు అది నీరుగారిపోవుటకు ముఖ్యకారణమిదియే.

కోటగోడను శిలీంధ్రము కరగించునని మొదట సాక్ష్యము చూపినవారిలో జర్మనుదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ముఖ్యుడు. ఆయన 1886లో స్క్లెరోటీనియా అను శిలీంధ్రముచే క్రుళ్లిన క్యారెట్టు దుంపల రసమును తీసి పరీక్షించెను. శిలీంధ్రము లేని ఆ రసముకూడ ఆరోగ్యమైన దుంప ముక్కలను మెత్తబరచి విడగొట్టెను. రసమును వేడిచేసిన పిదప ఆ శక్తి పోయెను. విషమైనచో పెక్కు విషములు వేడికి చలింపవు. వేడికి చచ్చిన ఆ శక్తి ఎంజైమునదే యని గ్రహింపవచ్చును. రెండేండ్లకు, 1888లో, ఇంగ్లండునందు మార్షల్ వార్డు లిల్లీపూల మొక్కలకు వచ్చు తెగులును పరిశీలించుచు, శిలీంధ్రతంతువుల కొనలనుండి చిన్న బిందువులు స్రవించుటయు, కణపుగోడలు ఉబ్బి కరగుటయు సూక్ష్మదర్శినిలో చూచెను. ఇక విచారణ ముగిసినట్లే యని ఎవరికైనను తోచును.

కాని విచారణ ముగియలేదు. జపానుదేశస్థుడైన మియోషి జర్మనీలోని లైప్జిగ్ నగరమున పనిచేయుచు, 1895లో ఒక విచిత్రమైన పరీక్ష ప్రకటించెను. అతడు పలుచని బంగారురేకును శిలీంధ్రమునకు అడ్డుపెట్టెను. ఆవల ఆహారముంచెను. తంతువులు రేకును పొడుచుకొని ఆవలకు పోయెను! బంగారమును కరగించు ఎంజైము లోకమున లేదు. కావున శిలీంధ్రము కేవలము బలముతోనే దూరగలదని తేలెను. నాటినుండి శాస్త్రలోకమున రెండు పక్షములేర్పడెను. శిలీంధ్రము గోడను కరగించి వచ్చునని ఒక పక్షము. పొడిచి వచ్చునని రెండవ పక్షము. ఉభయులయొద్దను మంచి సాక్ష్యములుండుటచే వాదము తెగలేదు.

ఈ వాదమున మనదేశమువాడొకడు ప్రముఖపాత్ర వహించెను. కేరళమున జన్మించిన పప్పచ్చన్ కొలత్తుకుడి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పరిశోధకుడుగా ఉండెను. ఆయన, ఆయన సహచరులు బఠాణీమొక్కలకు తెగులు కలిగించు ఫ్యుజేరియం అను శిలీంధ్రమునకు ఆపిలుపండ్ల తొక్కలనుండి తీసిన క్యూటిన్ తప్ప మరియొక ఆహారము పెట్టక పెంచిరి. ఆకలికి తాళలేక అది క్యూటిన్‌ను కోయు ఎంజైమును విడిచెను. 1970 దశాబ్దమున వారు దానిని శుద్ధిచేసి వేరుపరచిరి. దాని పేరు క్యూటినేజు. తరువాత ఆ ఎంజైమును బంధించు ప్రతిరక్షకములను తయారుచేసి, సిద్ధబీజములతోపాటు బఠాణీకాండముపై ఉంచగా, గాయములేని కాండమునకు తెగులు సోకలేదు. 1979లో ఈ ఫలితము ప్రకటింపబడెను. గునపమును పట్టుకొనిన చేయి ఆగినది, కన్నము పడలేదు.

1989లో ఇంతకంటెను ఆశ్చర్యకరమైన పరీక్ష వెలువడెను. బొప్పాయిపండును క్రుళ్లించు ఒక శిలీంధ్రము కలదు. అది గాయమున్నగాని పండులోనికి పోలేదు. తొక్కకు గీటుపడినచో దూరును, లేనిచో వెలుపలనే ఎండి పడియుండును. డిక్‌మన్, పొదిల, కొలత్తుకుడి అను మువ్వురు ఫ్యుజేరియంనుండి క్యూటినేజు జన్యువును తీసి దానిలో ప్రవేశపెట్టిరి. రెండవవాని పూర్తిపేరు గోపి పొదిల. ఇంటిపేరు వినగానే మీకు తెలుగు సవ్వడి వినబడినదా? జన్యువనగా ఏ ఎంజైమును ఎట్లు తయారుచేయవలెనో తెలుపు వ్రాత. క్రొత్త వ్రాతను పొందిన ఆ శిలీంధ్రము, అంతవరకు గాయమునకై కాచుకొని కూర్చున్నది, గాయములేని పండులోనికి సైతము దూరసాగెను. క్యూటినేజును బంధించు ప్రతిరక్షకములను కలిపినచో మరల నిలిచిపోయెను. ఒక్క ఎంజైము వచ్చి చేరుటతో చిల్లరదొంగ కన్నగాడయ్యెనన్నమాట.

ఇంత స్పష్టమైన పరీక్ష తరువాత ఎవరైనను క్యూటినేజే దోషి యని తీర్పు వ్రాసెదరు. అయితే మూడేండ్లకే ఆ తీర్పు తలక్రిందులయ్యెను. చేర్చిచూచుట ఒకటి, తీసివేసిచూచుట మరియొకటి. 1992లో జర్మనీలో స్టాల్, షేఫర్ అనువారు ఫ్యుజేరియంనుండి క్యూటినేజు జన్యువునే చెరపివేసిరి. ఐనను ఆ శిలీంధ్రము బఠాణీమొక్కలపై మునుపటివలెనే తెగులు కలిగించెను! అదే సంవత్సరమున అమెరికాలో అగ్గితెగులు శిలీంధ్రమునందలి ఒక క్యూటినేజు జన్యువును చెరపినవారికిని ఇట్టి ఫలితమే కనబడెను. దీనికి బదులుగా 1994లో కొలత్తుకుడి బృందము ఫ్యుజేరియంలోనే ఉగ్రమైన మరియొక రకమును తీసికొని అదే పనిచేసి, ఉగ్రత తగ్గినదని చూపెను.

ఇందు ఎవరు అసత్యమాడిరి? ఎవరును కాదు. కోటలోనికి పోవు దొంగయొద్ద ఒక్క గునపమే ఉండునని మనమేల అనుకొనవలెను? తరువాత శిలీంధ్రముల జన్యువుల వ్రాతలన్నియు చదివి చూడగా, అగ్గితెగులు శిలీంధ్రమున ఒకటి రెండు కాదు, పెక్కు క్యూటినేజు జన్యువులు కనబడెను. ఒకదానిని తీసివేసినచో మరియొకటి ఆ పని చేయవచ్చును. ఏది ముఖ్యమో ఏది కాదో ఒక్కొక్కదానిని తీసి చూడవలసినదే. 2007లో ఆక్స్‌ఫర్డునందు స్కమ్నియోటి, గర్ అను పరిశోధకురాండ్రు ఇట్లే చూచి, ఈ జన్యువులలో రెండవదిగా పేరుపొందిన యొకదానిని తొలగించిరి. శిలీంధ్రము ఉగ్రత బాగుగా తగ్గెను. అయితే అది గోడను కోయలేకపోవుటకంటె ముందు మరియొక లోపము బయటపడెను. తాను వ్రాలినచోటు వరియాకే యని ఆ శిలీంధ్రము సరిగా గుర్తింపలేకపోయినది. క్యూటినేజు కొంచెము క్యూటిన్‌ను కొరికినపుడు రాలు తునుకలే శిలీంధ్రమునకు “నీవు చేరవలసినచోటు చేరితివి” అను వార్త నిచ్చుచున్నవి. ఆయుధమనుకొనినది చీకటిలో గోడను తడుము చేయి కూడ అయినది. నాకు ఈ కథయంతటిలోను మిక్కిలి ముచ్చటగొలుపు భాగమిది.

ఆ వార్త అందిన పిదప అగ్గితెగులు శిలీంధ్రము చేయు పని చూడుడు. సిద్ధబీజము తన కొనయందలి జిగురుతో ఆకునకు అంటుకొని మొలకెత్తును. మొలక చివర గుమ్మటమువంటి చిన్న బుడిపె ఏర్పడును. దానిని అప్రెసోరియము అందురు. బుడిపె గోడలోపల మెలనిన్ అను నల్లని పదార్థము పూతగా ఏర్పడును. లోపల దాచియున్న క్రొవ్వు మున్నగువానినుండి గ్లిసరాలు తయారగును. గ్లిసరాలు బయటికి పోకుండ నల్లపూత ఆపును. నీరు మాత్రము లోనికి వచ్చును. ఎండుద్రాక్షను నీటిలో వేసినపుడు ఉబ్బునట్లు బుడిపె లోపల ఒత్తిడి పెరుగును. హోవర్డు, ఆయన సహచరులు 1991లో దీనిని కొలిచి, అది 80 వాతావరణపీడనముల వరకు పోగలదని తెలిపిరి. అనగా మోటారుకారు చక్రములోని గాలి ఒత్తిడికి దాదాపు 40 రెట్లు. ఆ ఒత్తిడితో బుడిపె అడుగునుండి సన్నని మేకువంటి తంతువు ఆకులోనికి దిగును. ప్లాస్టిక్ పొరలను సైతము అది పొడిచిపోగలదు.

అట్లైనచో బంగారురేకు పక్షమే గెలిచినదా? తొందరపడకుడు. ఆ ఒత్తిడి ఎక్కడినుండి వచ్చినది? క్రొవ్వును విడగొట్టినవి ఎంజైములు. నల్లపూతను వండినవి ఎంజైములు. మెలనిన్ తయారగుట ఇటుకలు అందించు కూలీల వరుసవంటిది. ఒకరినుండి ఒకరికి చేతులు మారి పని ముగియును. అందొక ఎంజైము లేకపోయినను పూత పడదు. పూతలేని శిలీంధ్రము తెల్లగా పాలిపోయి, బుడిపెను కట్టికూడ, గాయములేని ఆకులోనికి దూరలేదు. గాయమున్నచో దూరును. కావున ఇచ్చట ఎంజైములు గోడను నేరుగా కోసినను కోయకున్నను, పొడుచు బలమును సమకూర్చినవి అవియే. రెండు పక్షములవారు నూరేండ్లు పోరాడినది ఒకే వస్తువు యొక్క రెండు ప్రక్కలకై.

ఎంజైము దోషమును సందేహములేకుండ నిరూపించిన మరియొక దృష్టాంతము కలదు. అది మన పొలములది కాదు, చలిదేశముల ఓటుధాన్యమునకు సంబంధించినది. ఓటుమొక్క వేళ్లలో అవెనాసిన్ అను విషపదార్థముండును. అది శిలీంధ్రముల కణపొరలకు చిల్లులు పొడిచి చంపును. అందుచే గోధుమవేళ్లను క్రుళ్లించు ఒక శిలీంధ్రము ఓటును తాకలేదు. కాని దాని దాయాదియైన యొక రకము ఓటును సైతము పట్టును; ఏలయన అవెనాసిన్ నుండి చక్కెరతునుకలను కోసివేసి దానిని నిర్వీర్యముచేయు ఎంజైము దానికి కలదు. 1995లో ఇంగ్లండు పరిశోధకులు ఆ ఎంజైము జన్యువును చెరపివేసిరి. అంతట ఆ శిలీంధ్రము ఓటునకు తెగులు కలిగింపలేకపోయెను. గోధుమను మాత్రము ఎప్పటివలె క్రుళ్లించెను! శిలీంధ్రము బలహీనపడలేదు, దాని ఆకలి తగ్గలేదు. ఒక్క ద్వారము మాత్రము మూసికొనిపోయినది. ఎంజైము చేయు నేరమునకు ఇంతకంటె శుభ్రమైన సాక్ష్యము దొరకుట అరుదు.

మొక్క చేతులు కట్టుకొని కూర్చుండునని తలంపకుడు. పెక్టిన్‌ను కోయు శిలీంధ్రపు ఎంజైమును పట్టి ఆపు మాంసకృత్తులు చిక్కుడుజాతి మొదలైన పెక్కు మొక్కలలో ఉన్నవి. అవి కోతను పూర్తిగా మాన్పకున్నను మందగింపజేయును. మెల్లగా కోయబడిన పెక్టిన్ తునుకలు కొంత పొడవుగా మిగులును. ఆ పొడవుతునుకలను మొక్క అపాయసూచకముగా గుర్తించి రక్షణను ఆరంభించును. మరియు శిలీంధ్రముల గోడలు కైటిన్ అను పదార్థముతో కట్టబడియుండును, రొయ్యపెంకులోనున్నదియు అదే. మొక్క కైటినేజు అను తన ఎంజైముతో ఆ గోడనే కోసి, రాలిన తునుకలచే శత్రువు వచ్చెనని తెలిసికొనును. అగ్గితెగులు శిలీంధ్రము దీనికి ప్రతిగా, ఆ తునుకలు మొక్కకు అందకుండ తానే పట్టుకొను ఒక మాంసకృత్తును విడుచును. ఎత్తునకు పైయెత్తు!

మొక్కలను విడిచి మనుష్యుల విషయమునకు వత్తము. మన చర్మము పైపొర, వెంట్రుకలు, గోళ్లు కెరాటిన్ అను దృఢమైన మాంసకృత్తుతో ఏర్పడినవి. గంధకపు బంధములు దానిని తాళ్లవలె బిగించియుంచుటచే సామాన్యపు ఎంజైములు దానిని కోయలేవు. తామరవ్యాధి శిలీంధ్రము మొదట సల్ఫైటు అను రసాయనమును విడిచి ఆ ముడులు విప్పును; ఆ పిదప దాని ఎంజైములు కెరాటిన్‌ను ముక్కలుచేయును. తామరపై కొందరు దుకాణములో అడిగి తెచ్చుకొని స్టెరాయిడు కలిసిన లేపనములు పూయుదురు. దురద తగ్గును, ఎరుపు తగ్గును. మన శరీరపు పోరాటము చల్లారుటయే అందులకు కారణము. శిలీంధ్రము మాత్రము హాయిగా వ్యాపించును. వైద్యునికి చూపక ఇట్టి లేపనమును పూయకుడు.

పావురముల రెట్టలోను మట్టిలోను ఉండు క్రిప్టోకాకస్ అను మరియొక శిలీంధ్రము, ఎయిడ్స్ మొదలైన వ్యాధులచే రక్షణశక్తి తగ్గినవారికి ఊపిరితిత్తులద్వారా సోకి మెదడును చేరి ప్రాణాంతకమగును. యూరియాను విడగొట్టు యూరియేజు అను ఎంజైము దాని ఉగ్రతకు తోడ్పడుచున్నదని ఎలుకలపై చేసిన పరీక్షలవలన తెలిసినది. ఆ ఎంజైము లేని రకము సోకిన ఎలుకలు ఎక్కువకాలము బ్రతికినవి. లాకేజు అను దాని మరియొక ఎంజైము మెదడులో దొరకు డోపా వంటి పదార్థములనుండి మెలనిన్‌ను తయారుచేయును. వరియాకును పొడుచు బుడిపెకు ఒత్తిడి నిలిపిన నల్లరంగు వంటిదే, ఇచ్చట మన రక్షకకణములు ప్రయోగించు తీక్ష్ణరసాయనములనుండి శిలీంధ్రమును కాపాడు కవచమైనది.

ఏ ఎంజైముపై శత్రువు బలము ఆధారపడియున్నదో తెలిసినచో దానినే కొట్టవచ్చును గదా? మనుష్యులు ఇట్టి మందులను చేసికొనిరి. తామరకు వాడు టెర్బినాఫిన్, శిలీంధ్రము తన కణపొరను కట్టుకొనుటకు కావలసిన ఒక ఎంజైమును ఆపును. అగ్గితెగులునకు మన రైతులు చల్లిన ట్రైసైక్లజోల్, మెలనిన్ వరుసలోని ఒక కూలీని ఆపును. అది శిలీంధ్రమును చంపదు. బుడిపె ఏర్పడును, గాని నల్లపూత కుదరక ఒత్తిడి నిలువదు. అందుచేతనే తెగులు లోపల ముదిరిన పిదప చల్లుటకంటె ముందుగా చల్లుట మేలు. చల్లినది గింజలో మిగులుట మరియొక చిక్కు. 2017లో ఐరోపా సమాఖ్య బియ్యములో దీని అవశేషమును కిలోకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదని కట్టడిచేయగా, బాసుమతి ఎగుమతిదారులకు పెద్ద ఇబ్బంది కలిగెను.

శిలీంధ్రములు కూడ ఊరకుండలేదు. మనదేశమున ఇటీవల ప్రబలిన తామరలో టెర్బినాఫిన్‌కు లొంగనిది చాల కలదు. పరీక్షింపగా, మందు పట్టుకొనవలసిన ఎంజైములోనే ఒకటి రెండు చోట్ల మార్పు కనబడెను. జపానుదేశమున 1990 దశాబ్దము చివర కార్ప్రోపమిడ్ అను క్రొత్త మందు వరిచేలకు వచ్చెను. ఇదియు మెలనిన్ వరుసను ఆపునదే గాని, ట్రైసైక్లజోల్ ఆపు ఎంజైమును కాక దానికి చేరువలోనున్న మరియొకదానిని ఆపును. 2001లో క్యూషూ ద్వీపమున ఆ మందు చల్లిన చేలలోనే అగ్గితెగులు కనబడెను. ఆ శిలీంధ్రములనుండి ఎంజైమును తీసిచూడగా, వరుసగా కూర్చబడిన దాని అంశములలో 75వ స్థానమున వాలిన్ ఉండవలసినచోట మెథియోనిన్ ఉండెను. తక్కినదంతయు యథాతథము. ఆ ఒక్క మార్పుచే మందునకు పట్టు చిక్కలేదు. ఎంజైము తన పని తాను చేసికొనుచుండెను. శిలీంధ్రము తన బుడిపెకు నల్లపూత పూసికొని ఆకులోనికి దిగెను.